టీచరమ్మగారి వార్డు జవాబులు: మూడు మెట్ల ఇల్లు, అణా టిఫిను

దీపావళి దగ్గర పడుతోందంటే మద్రాసులో టపాకాయల కంటే ముందు ఇసుక బస్తాల మాట వస్తుంది. ఈ నెల వచ్చిన ఉత్తరాల కట్టలో సగం పైగా వాననీళ్ల గురించే. అన్నింటికీ విడివిడిగా రాయడానికి చోటు లేదు కాబట్టి ఒకేలాంటివి కలిపేశాను. ఈ శీర్షిక కొత్తగా చదువుతున్నవాళ్లకి ఒక్క మాట. నేను ముప్పయ్యొక్క ఏళ్లు ఇక్కడి కార్పొరేషన్ బడుల్లో తెలుగు చెప్పాను. రిటైరయ్యాక మా పెరంబూరు వీధివాళ్లకి తమిళంలో అర్జీలు రాసిపెట్టడం మొదలుపెట్టాను, అది ఇప్పటికీ సాగుతోంది. ఇక్కడ చెప్పేదంతా ఆ అర్జీల వెంట తిరిగి నేర్చుకున్నదే.

ప్రశ్న: టీచరమ్మగారూ, మా వీధికి పదేళ్లలో మూడుసార్లు రోడ్డు వేశారు. వేసినప్పుడల్లా రోడ్డు పైకి లేస్తోంది, మా ఇల్లు కిందికి పోతోంది. వాన పడితే గుమ్మం దగ్గర ఇటుకలు పేర్చి, గోనెసంచులు అడ్డం పెట్టుకుంటున్నాం. కౌన్సిలర్ గారికి చెబితే చూద్దాం అన్నారు. ఇంకెవరికి చెప్పుకోవాలి?
– ఒక గృహిణి, పెరంబూరు

అమ్మా, మీ ఉత్తరం చదువుతుంటే మా అమ్మ కూర్చునే మెట్టు గుర్తొచ్చింది. మేం 1984లో ఈ ఇంట్లోకి వచ్చినప్పుడు వీధిలోంచి గుమ్మానికి మూడు మెట్లు ఉండేవి. సాయంత్రం పూట అమ్మ కింది మెట్టు మీద కూర్చుని పూలు కట్టేది, పక్కింటి పిల్లలు మధ్య మెట్టు మీద వామనగుంటలు ఆడేవాళ్లు. రోడ్డు వేసిన ప్రతిసారీ ఒక మెట్టు తారులోకి పోయింది. ఇప్పుడు ఒక్కటే మిగిలింది, అదీ సగమే. 2015 డిసెంబరు వానకి నీళ్లు ఇంట్లోకి వచ్చి, పొద్దున లేచేసరికి వంటింట్లో బియ్యం డబ్బా తేలుతోంది. ఆ రోజు నుంచి ఈ రోడ్డు ఎత్తు సంగతి నేను పట్టుకున్నాను, వదల్లేదు.

మీరు ముందు తెలుసుకోవాల్సింది ఇది. పాత తారు మీద అలాగే కొత్త పొర వేయడానికి లేదు. పాత పొరని మెషిన్‌తో గీకి, గీకినంత మందమే మళ్లీ వేయాలి. దీన్ని మిల్లింగ్ అంటారు. 2021లో తమిళనాడు ప్రభుత్వం దీని మీద గట్టిగా ఆదేశాలిచ్చింది, కారణం మీరు రాసిందే. ఇళ్లు కిందికి పోతున్నాయి, నీళ్లు లోపలికి వస్తున్నాయి. అందుకని మీరు అడగబోయేది దయ చూపమని కాదమ్మా, ఉన్న నియమం పాటించమని. అర్జీలో కూడా ఆ ధోరణిలోనే రాయండి.

రాసే ముందు ఒక టేపు తీసుకోండి. గుమ్మం నుంచి రోడ్డు ఎంత ఎత్తులో ఉందో అంగుళాల్లో కొలవండి. టేపు కనిపించేలా ఫొటో తీయండి. వీధిలో ఇంకో నాలుగిళ్లకి కూడా అలాగే చేయండి. "మా వీధి చాలా ఎత్తు అయిపోయింది" అంటే ఎవరికీ పట్టదు. "ఫలానా డోర్ నంబరు దగ్గర రోడ్డు గడప కంటే ఏడంగుళాలు పైన ఉంది" అంటే ఇంజనీరు తలెత్తి చూస్తాడు. ఇది నేను నా కళ్లతో చూసిన సంగతి.

తర్వాత మీ వీధి ఎవరి చేతిలో ఉందో చూడండి. బస్సు తిరిగే రోడ్లని కార్పొరేషన్‌లో వేరే విభాగం చూస్తుంది. లోపలి వీధులు మండల (జోన్) ఆఫీసు కింద, వార్డు ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు చేతిలో ఉంటాయి. మనం ఉండేది ఆరో మండలం, తిరు వి.క. నగర్. అర్జీ ఏఈ పేరు మీద పెట్టండి, ఒక కాపీ కౌన్సిలర్‌కి ఇవ్వండి. మూడు వాక్యాలు చాలు. రెండు కాగితాలు పట్టుకెళ్లి ఒకటి ఇచ్చి, రెండో దాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. అదే రోజు కార్పొరేషన్ ఫిర్యాదుల నంబరు 1913కి ఫోన్ చేసి అదే సంగతి చెప్పి, వాళ్లిచ్చే ఫిర్యాదు నంబరు ఆ కాగితం మీదే రాసుకోండి. కౌన్సిలర్ గారు చూద్దాం అనడంలో తప్పేం లేదు. కానీ నోటిమాటకి నంబరు ఉండదు. నంబరు లేని సంగతి ఆఫీసులో మర్నాటికి ఉండదు.

మా వీధిలో ఏం జరిగిందో చెబుతాను. మూడేళ్ల కిందట ఒక రాత్రి భోజనాలయ్యాక తారు లారీ వచ్చి వీధి చివర ఆగింది. గీకే మెషిన్ రాలేదు. పక్కింటి కోడలు పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పింది. మేం ఏడెనిమిది మందిమి ఆడవాళ్లం నైటీల మీద తువ్వాళ్లు వేసుకుని వెళ్లి, ముద్ర పడిన అర్జీ చూపించాం. కాంట్రాక్టరు మనిషి మెషిన్ రేపు వస్తుంది, ఈలోపు వేసేస్తామన్నాడు. అయితే రోడ్డు కూడా రేపే వేయండి బాబూ అన్నాం. అరిచింది ఎవరూ లేరు. ఏఈకి ఫోన్ చేస్తే అరగంటలో వచ్చాడు, లారీని పంపించేశాడు. మర్నాటి రాత్రి మెషిన్ వచ్చింది. పెద్ద గ్రైండరులో రాళ్లు వేసి తిప్పినట్టు చప్పుడు. వీధిలో ఒక్కరూ పడుకోలేదు. గీకిన తారు ముక్కలు చేతిలోకి తీసుకుంటే వెచ్చగా ఉన్నాయి. పొరలు పొరలుగా, పాత చపాతీ విరిచినట్టు. ఒక ముక్కలో కలర్ సోడా సీసా మూత, తుప్పు పట్టి, తారులో అతుక్కుని కనిపించింది. ఎన్నేళ్ల కిందటి రోడ్డు మీద పడిందో! ఆ ముక్కని నేను ఇంటికి తెచ్చుకున్నాను, టీవీ పక్కన పెట్టుకున్నాను.

మా మూడు మెట్లూ తిరిగి రాలేదమ్మా. కానీ మిగిలిన సగం మెట్టు అలాగే నిలబడింది. మీరు ఆలస్యం చేయకండి. రోడ్డు వేశాక గీకమని అడగడం చాలా కష్టం, వేయకముందు అడగడం తేలిక.

ప్రశ్న: అమ్మగారూ, మా ఇంటి ముందు కాలవలో ఎండాకాలంలో కూడా నల్లనీళ్లు నిలబడుతున్నాయి. ఒక ఆఫీసుకి వెళ్తే ఇంకో ఆఫీసుకి పొమ్మంటారు, అక్కడికెళ్తే మళ్లీ ఇక్కడికే పొమ్మంటారు. నాకు డెబ్బై రెండేళ్లు. ఎన్నిసార్లు తిరగను?
– రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక పాఠకుడు, విల్లివాక్కం

అన్నగారూ, ఈ తిరుగుడుకి కారణం ఒకే వీధి కింద ఇద్దరు యజమానులు ఉండటం. వాననీళ్ల కాలవ కార్పొరేషన్‌ది. తాగేనీళ్లు, మురుగునీళ్లు మెట్రో వాటర్ వాళ్లవి. 1978లో చట్టం చేసి ఆ బోర్డుని విడిగా పెట్టారు. అప్పటి నుంచి మురుగు సంగతి వాళ్లదే. ఎక్కడ మురుగు వాననీళ్ల కాలవలోకి చేరుతుందో అక్కడ ఇద్దరూ ఇది మాది కాదంటారు, ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంటుంది.

కాబట్టి వెళ్లే ముందు మీరే పరీక్ష చేయండి. వాన లేని రోజు పొద్దున ఏడు, ఎనిమిది మధ్య కాలవ మూత సందులోంచి చూడండి. అందరూ స్నానాలు చేసే వేళ అది. నీళ్లు కదులుతూ, పైన సబ్బు నురగ కనిపిస్తే ఏదో ఇంటి పైపు ఆ కాలవలోకి కలిపేశారన్నమాట. నీళ్లు కదలకుండా ఆకులు, ప్లాస్టిక్ కవర్లు తేలుతుంటే పూడిక. పూడికైతే కార్పొరేషన్ 1913. మురుగైతే మెట్రో వాటర్ 1916. పైపు కలిపి ఉంటే రెండింటికీ చెప్పి, ఒక ఫిర్యాదు నంబరు రెండో ఫిర్యాదులో రాయించండి. అప్పుడు ఎవరూ ఇంకొకరి మీదికి తోయలేరు. మీరు తిరగక్కర్లేదు, ఫోన్ చాలు. మీ మనవళ్లలో ఎవరైనా ఉంటే ఫొటోతో కార్పొరేషన్ యాప్‌లో కూడా పెట్టమనండి.

వీధిదీపం కార్పొరేషన్‌ది, కరెంటు ఈబీది, అంటే విద్యుత్ బోర్డుది. ఇది కూడా చాలామంది కలిపేస్తారు. దీపం ఒక్కటే ఆరిపోతే 1913, ఇళ్లన్నీ చీకటైతే ఈబీ.

ప్రశ్న: మేడమ్, నేను పోటీ పరీక్షలకి చదువుతున్నాను. పుస్తకంలో నగరపాలన గురించిన 74వ రాజ్యాంగ సవరణ, పన్నెండో షెడ్యూలు, పద్దెనిమిది విషయాలు అని బట్టీ పడుతున్నాను. నిజంగా కౌన్సిల్‌లో ఏం జరుగుతుంది? టీవీలో అరుపులే కనిపిస్తాయి. దాని వల్ల ఏమైనా మారుతుందా?
– ఒక విద్యార్థి, కొళత్తూరు

నాయనా, ఈ నెల ఉత్తరాల్లో నాకు అన్నిటికంటే నచ్చింది నీ ప్రశ్నే. కొంచెం ఎక్కువే రాస్తాను, ఓపిగ్గా చదువు.

నేను 2023లో ఒకసారి మా కౌన్సిలర్ ద్వారా అనుమతి తీసుకుని రిపన్ బిల్డింగ్‌లో సమావేశం చూశాను. సెంట్రల్ స్టేషన్ పక్కన ఉన్న ఆ తెల్ల భవనాన్ని నువ్వు రోజూ చూస్తూనే ఉంటావు. 1913 నుంచి కార్పొరేషన్ అందులోనే ఉంది. కార్పొరేషన్ వయసు మాత్రం ఇంకా ఎక్కువ, 1688లో పుట్టింది. మేయర్ ఎర్ర అంగీ, మెడలో గొలుసుతో వచ్చి కూర్చున్నారు. ముందు ఒక తిరుక్కురళ్, దాని అర్థం. తర్వాత ప్రశ్నలు. ఒక కౌన్సిలరమ్మ లేచి తన వార్డులో శ్మశానంలో నీళ్ల కుళాయి లేదని చెప్పింది. శవాన్ని తెచ్చినవాళ్లు కాళ్లు కడుక్కోవడానికి పక్క వీధిలోకి వెళ్తున్నారట. ఇంకొకాయన బడి గోడ కూలిందని చెప్పాడు. ఇంకొకరు కుక్కల గురించి, ఇంకొకరు పార్కులో వెలగని దీపం గురించి. మధ్యలో ఒకసారి అరుపులు కూడా వచ్చాయి. టీవీలో చూపించేది ఆ ఐదు నిమిషాలే.

ప్రశ్నలయ్యాక తీర్మానాలు. ఒక్కోదానికీ నంబరు. నంబరు చదువుతారు, అభ్యంతరం లేకపోతే ఆమోదం, తర్వాతి నంబరు. కాసేపట్లో పదుల కొద్దీ అయిపోతాయి. వినడానికి చప్పగానే ఉంటుంది. కానీ ఊరు నడిచేది ఆ చప్పటి భాగంలోనే. మా వీధి కాలవకి డబ్బు ఒక రోజు అలాంటి ఒక నంబరు కిందే వచ్చింది. ముందు వార్డు ఇంజనీరు అంచనా వేస్తాడు. అది మండలానికి వెళ్తుంది. పదిహేను మండలాలు, ఒక్కో మండలానికి ఆ వార్డుల కౌన్సిలర్లతో ఒక కమిటీ ఉంటుంది. ఖర్చు పెద్దదైతే పనుల స్థాయీ సంఘం, ఆపైన కౌన్సిల్, తర్వాత టెండర్, తర్వాత వర్క్ ఆర్డర్. ఇందులో ఏ మెట్టు దగ్గర కాగితం ఆగిందో కనుక్కోగలిగితే సగం పని అయినట్టే.

రెండు వందల వార్డులకి రెండు వందల మంది కౌన్సిలర్లు. సగం సీట్లు ఆడవాళ్లకి. 2023 నుంచి కౌన్సిలర్‌కి నెలకి పదివేల రూపాయల గౌరవ వేతనం ఇస్తున్నారు. ఒక వార్డులో వేల కుటుంబాలు ఉంటాయని గుర్తుపెట్టుకుని ఆ అంకె చూడు.

కౌన్సిల్ లేకపోతే ఏమవుతుందో మద్రాసువాళ్లకి చెప్పక్కర్లేదు. 1973లో రద్దయితే 1996 దాకా ఎన్నికల్లేవు. మళ్లీ 2016 నుంచి 2022 దాకా ఐదేళ్లకి పైగా కౌన్సిల్ లేదు. అధికారులు పని చేయలేదని నేననను. కానీ ఆ ఏళ్లలో శ్మశానంలో కుళాయి లేదని లేచి నిలబడి అడిగే మనిషి ఆ హాలులో లేదు. నేనూ అర్జీలు ఇచ్చాను, జవాబులూ వచ్చాయి. కానీ ఓటు అడగడానికి మళ్లీ మన గుమ్మం ముందుకి రావాల్సిన మనిషికి ఉండే భయం ఎవరి దగ్గరా కనిపించలేదు.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న, ఏమైనా మారుతుందా అని. రిపన్ బిల్డింగ్ ముందు ఒక విగ్రహం ఉంది. అది పిట్టి త్యాగరాయ చెట్టిగారిది. టి.నగర్‌లో టి అంటే ఆయనే. దేవాంగుల ఇంట పుట్టిన తెలుగాయన. ప్రభుత్వ అధికారి కాకుండా కార్పొరేషన్‌కి అధ్యక్షుడైన మొదటి మనిషి. 1920లో ఆయన హయాంలో కౌన్సిల్ ఒక చిన్న తీర్మానం చేసింది. థౌజండ్ లైట్స్‌లో ఉన్న కార్పొరేషన్ బడి పిల్లలకి టిఫిను పెట్టాలి, పిల్లకి రోజుకి అణాకి మించకుండా ఖర్చు పెట్టాలి. అంతే. ఆ రోజు అజెండాలో అది కూడా ఒక నంబరే. ముందు వెనకల రోడ్డు, దీపం, చెత్త సంగతులే ఉండి ఉంటాయి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సోమవారం పొద్దున ప్రార్థనలో మూడో క్లాసు పిల్ల నిలబడ్డ చోటే కూలిపోయింది. ఒళ్లో పడుకోబెట్టుకుని అడిగితే శనివారం బడిలో తిన్న భోజనం తర్వాత సరిగ్గా ఏమీ తినలేదని చెప్పింది. నా డబ్బాలో ఉన్న రెండు ఇడ్లీలు పెట్టాను. పొడి అంటిన వేళ్లు నాకుతూ, ఇంకా ఆకలిగా ఉన్నా అడగకుండా నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. బడిలో తిన్న భోజనం అని ఆ పిల్ల చెప్పిందే, ఆ భోజనానికి తాతలాంటిది అణా తీర్మానం. 2022 సెప్టెంబరులో తమిళనాడు బడుల్లో పొద్దుటి టిఫిను పథకం మొదలైనప్పుడు నేను రిటైరై చాలా ఏళ్లయింది. అయినా మా వీధి చివరి బడికి వెళ్లి, గోడ అవతల నిలబడి, పిల్లలు ఉప్మా తినడం చూసి వచ్చాను.

ఒకసారి సమావేశానికి వెళ్లు నాయనా. నోట్‌బుక్ పట్టుకెళ్లు. పరీక్షకి పనికొస్తుందో లేదో గానీ, అజెండా చదవడం వస్తుంది.

ప్రశ్న: అక్కయ్యా, మా పాపకి బర్త్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఆసుపత్రిలో పేరు లేకుండా రిజిస్టర్ చేశారు. ఇక్కడ తండ్రి పేరులోని మొదటి అక్షరం ఇనీషియల్‌గా పెడతారు, మాకేమో ఇంటిపేరు. ఏది రాయించాలి? ఆలస్యమైతే ఏమవుతుందని టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, వ్యాసర్పాడి

చెల్లీ, టెన్షన్ పడకు. పుట్టిన 21 రోజుల్లోపు రిజిస్టర్ కావాలి, ఆసుపత్రిలో పుట్టింది కాబట్టి అది వాళ్లే చేసి ఉంటారు. పేరు తర్వాత చేర్చవచ్చు. ఏడాదిలోపు చేరిస్తే రుసుము లేదు, ఆపైన పదిహేనేళ్ల దాకా కొంచెం రుసుము కట్టి చేర్చవచ్చు. కానీ అంత దాకా ఆగకు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకి బడికీ, పాస్‌పోర్టుకీ పుట్టినరోజు రుజువు ఈ సర్టిఫికెట్ ఒక్కటే.

ఇంటిపేరా, ఇనీషియలా అన్నది మీ ఇష్టం. ఏది పెట్టినా ఒకటే పెట్టు, అన్ని చోట్లా అదే ఉండాలి. నా క్లాసులో ఒకే పిల్లవాడికి రిజిస్టర్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు, టీసీలో మూడో పేరు ఉండేవి. పదో క్లాసు పరీక్షల ముందు ఆ తల్లిదండ్రులు పడే అవస్థ నేను చాలాసార్లు చూశాను. ఇంటిపేరు పెట్టాలనుకుంటే పూర్తిగా రాయించు, ఒక్క అక్షరంగా వదిలేయకు. సర్టిఫికెట్‌లో తమిళంలో రాసిన పేరు కూడా చదివించుకో. ఆ లిపిలో క, గ రెండింటికీ ఒకే అక్షరం, త, ద రెండింటికీ ఒకే అక్షరం. గీత అని రాస్తే కీత అని చదివేవాళ్లుంటారు. ఇంగ్లీషులో స్పెల్లింగు సరిగ్గా ఉందో లేదో ఆ కౌంటరు దగ్గరే చూసుకుని రా.

ప్రశ్న: ఇంటిపన్ను ఏడాదికి ఒకసారి కడితే చాలదా? కొందరు ముందే కడితే తగ్గుతుందంటున్నారు.
– ఒక పాఠకుడు, చూళై

ఇక్కడ పన్ను అర్ధసంవత్సరానికి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి ఇంకొకటి. ఏప్రిల్ 30లోపు, అక్టోబరు 31లోపు కడితే ఐదు శాతం తగ్గింపు, గరిష్ఠంగా ఐదు వేలు. గడువు దాటి వదిలేస్తే నెలకి ఒక శాతం చొప్పున పడుతుంది. క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. ఇల్లు నాన్నగారి పేరు మీద నుంచి మీ పేరుకి మార్చుకోకపోతే అది కూడా ఈ నెలలోనే మొదలుపెట్టండి. ఆయన పోయి పదేళ్లయ్యాక మారుస్తామంటే వారసుల సంతకాల కోసం మూడు ఊళ్లు తిరగాలి.

ప్రశ్న: టీచరమ్మా, మా అమ్మ వీధులు ఊడ్చే పనిలో ఉంది, కాంట్రాక్టు మీద. నెల జీతంలో ఎంత పట్టుకుంటున్నారో, ఎందుకో తెలియదు. అడిగితే పని పోతుందని అమ్మ భయపడుతుంది. నేను ప్లస్‌టూ చదువుతున్నాను. మా గురించి కౌన్సిల్‌లో ఎవరైనా మాట్లాడతారా?
– ఒక అమ్మాయి, పులియాంతోపు

తల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తెలుగు ఎంత చక్కగా రాశావు!

ఈ ఊరు ఊడ్చేవాళ్లలో తెలుగు మాట్లాడే ఇళ్లు ఎన్నో. తాతల కాలంలో నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి వచ్చినవాళ్లు. మా వీధి ఊడ్చే ఆమె పొద్దున ఆరింటికి "అమ్మా, తడి చెత్త వేరుగా పెట్టినారా" అని తెలుగులోనే పిలుస్తుంది. ఒకరోజు ఆమె చేతికి గుడ్డ చుట్టుకుని వచ్చింది. చెత్త సంచిలో ఎవరో పగిలిన ట్యూబ్‌లైటు వేశారట. గ్లవ్స్ ఉన్నాయి, కానీ బొటనవేలి దగ్గర చిరిగి, లోపలి వేలు కనిపిస్తోంది. ఆ రోజు నుంచి మా వీధిలో గాజు ముక్కలు కాగితంలో చుట్టి, పైన ఎర్ర పెన్సిల్‌తో రాసి విడిగా ఇస్తున్నాం. ఇది చదివే ప్రతి ఇంటివాళ్లనీ అలా చేయమని నేను వేడుకుంటున్నాను.

కౌన్సిల్‌లో మాట్లాడతారా అన్నావు. చెత్త పని ఎవరికి అప్పగించాలన్నది కౌన్సిల్ ముందుకి వచ్చే విషయమే. 2025 ఆగస్టులో రాయపురం, తిరు వి.క. నగర్ మండలాల పారిశుద్ధ్య కార్మికులు, పని ప్రైవేటుకి ఇవ్వవద్దని, రిపన్ బిల్డింగ్ ముందు పదమూడు రోజులు కూర్చున్నారు. 13వ తేదీ అర్ధరాత్రి పోలీసులు వాళ్లని అక్కడి నుంచి తీసుకుపోయారు. కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. మన ఇంటి ముందు శుభ్రం చేసే మనిషి నెల జీతం గురించి రోడ్డు మీద కూర్చోవాల్సి రావడం నాకు చాలా బాధ కలిగించింది. మన వీధి శుభ్రతకి మనం ఇచ్చే పన్నులోంచి ఆమె చేతికి చేరేది ఎంతో తెలుసుకోవడం మన పని కూడా అని నేను అనుకుంటున్నాను.

ఇప్పుడు నువ్వు చేయగలిగింది చెబుతాను. అమ్మని ఎవరినీ ఏమీ అడగమనవద్దు. ముందు అమ్మ పీఎఫ్ నంబరు, యూఏఎన్ అంటారు, అది కనుక్కో. జీతం చీటీ ఉంటే దాని మీదే ఉంటుంది. అది పన్నెండంకెల నంబరు. ఉమంగ్ అనే ప్రభుత్వ యాప్‌లో ఆ నంబరుతో నెలనెలా ఎంత జమైందో చూడవచ్చు. జీతంలో పట్టుకున్నదీ, అక్కడ జమైందీ ఒక కాగితం మీద పక్కపక్కన రాయి. ఆరు నెలలది రాస్తే చాలు. నెల జీతం ఇరవై ఒక్క వేల లోపైతే ఈఎస్ఐ, అంటే కార్మికుల ఆరోగ్య బీమా కూడా ఉండాలి, ఆ కార్డు ఉందో లేదో చూడు. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే పని అప్పగించినవాళ్లే ఇవ్వాలని చట్టం ఉంది. లెక్క తేలాక ఆ కాగితం తీసుకుని నా దగ్గరికి రా. అర్జీ నేను రాస్తాను, అమ్మ పేరు లేకుండా ఎవరికి ఎలా చేర్చాలో చూద్దాం. పత్రిక ఆఫీసుకి రాస్తే నా చిరునామా ఇస్తారు. నీ ప్లస్‌టూ చదువు మాత్రం ఆపకు తల్లీ.

ప్రశ్న: అమ్మా, మాకు తమిళం మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. పకుది సభ అని మా వీధిలో నోటీసు అంటించారు. మాలాంటివాళ్లు వెళ్లవచ్చా? వెళ్తే ఏం చేయాలి?
– కొత్త చాకలిపేట నుంచి ముగ్గురు అక్కచెల్లెళ్లు

తప్పకుండా వెళ్లండి. మీ పేరు అక్కడి ఓటరు జాబితాలో ఉంటే అది మీ సభే. 2022 నవంబరు 1న తమిళనాడు పట్టణాల్లో ఈ సభలు మొదలయ్యాయి. పల్లెల్లో గ్రామసభ ఎలాగో ఇక్కడ ఇది అలాగ. కౌన్సిలర్, ఇంజనీరు, ఆరోగ్య విభాగం వాళ్లు వస్తారు. రాయడం రాకపోతే నోటితో చెప్పండి, కానీ చెప్పింది మినిట్స్‌లో రాశారా అని అడగండి. "ఎళుదిట్టీంగళా సార్" అంటే చాలు. రాసిన వాక్యం చదివి వినిపించమనండి. అందరి ముందూ అడిగితే చదువుతారు.

ముగ్గురూ కలిసి వెళ్లండి, కానీ ముగ్గురూ ఒకే సంగతి చెప్పకండి. ఒకరు కాలవ, ఒకరు వీధిదీపం, ఒకరు మీ వీధి మలుపులో ఉన్న ఆ గొయ్యి. మీ ఉత్తరంలో గొయ్యి గురించే ఎక్కువ రాశారు, పెద్దక్కయ్య స్కూటీ అందులోనే పడిందని కూడా. దాని పొడవు, వెడల్పు, లోతు కొలిచి వెళ్లండి. లోతు కొలవడానికి కొబ్బరి చీపురు పుల్ల గుచ్చి, నీళ్లంటిన చోట గోటితో నొక్కి, ఆ పుల్లనే తీసుకెళ్లి బల్ల మీద పెట్టండి. మా వీధి నుంచి ఒకావిడ అలాగే చేసింది, నెల తిరక్కముందే గొయ్యి పూడ్చారు.